ముప్పై రోజుల్లో ప్రాణం

ఈ భూమ్మీద ప్రాణం ఎలా పుట్టిందో ముప్పై రోజుల్లోగా తేల్చి నివేదిక పంపవలసిందని మా ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి ఉత్తర్వు వచ్చిన రోజున, కుళాయిల్లో నీళ్ళు రావడం లేదు. నీళ్ళ గురించి మేం పెట్టిన అర్జీ అప్పటికి ఏడుసార్లు పరిష్కారమైపోయింది. కాబట్టి అర్జీ పరిష్కారం కావడమంటే ఏమిటో మాకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు.

నేను ఆ కాలేజీలో తెలుగు చెబుతాను. పేరు కామేశం. నా పాఠం సంగతి ఎలా ఉన్నా నా దస్తూరీ బాగుంటుందని పేరు. అందుచేత ఏ కమిటీ వేసినా మినిట్స్ రాసే పని నాకే పడేది. ఇరవై రెండేళ్ళలో నలభై కమిటీల్లో కూర్చున్నాను. పాముల బెడద నివారణ కమిటీ దగ్గర్నుంచి, పాత కమిటీల రద్దు కమిటీ దాకా. ఒక్కదానిలోనూ నోరు విప్పలేదు. రాసేవాడు మాట్లాడకూడదని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. అది చాలా సుఖమైన నియమం.

ఇదంతా నూకరత్నం గారి క్లాసులో మొదలైంది. ఆవిడ మా కెమిస్ట్రీ లెక్చరర్. అనకాపల్లి వైపు మనిషి. వాళ్ళమ్మ నూకాలమ్మకి మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. ఆదివారం గుడికి వెళ్ళి కుంకుమ తెచ్చుకునేది, సోమవారం ల్యాబుకొచ్చి ఆమ్లాలు కలిపేది. ఈ రెండింటికీ పేచీ ఉందని ఆవిడకెప్పుడూ తోచలేదు. మాకూ తోచలేదు, ఎవరో అర్జీ పెట్టేదాకా.

ఆ రోజు మొదటి సంవత్సరం పిల్లలకి ప్రాణం పుట్టుక పాఠం చెబుతోంది. ఒకప్పటి భూమి, ఊపిరాడని గాలి, సలసల కాగే సముద్రం, మీద మెరుపులు. అలాంటి గాలినే గాజు బుడ్డిలో పెట్టి, నీటి ఆవిరి పంపి, కరెంటుతో నిప్పురవ్వలు పుట్టిస్తే వారంలో అమైనో ఆమ్లాలు కనిపించాయని, మన ఒంట్లో కండ కట్టేది అవేనని చెప్పింది. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, ‘‘అయితే దేవుడు లేడా మేడం?’’ అని అడిగింది.

‘‘అది మన సిలబస్‌లో లేదమ్మా. అమైనో ఆమ్లాలు ఉన్నాయి. కూర్చో’’ అంది నూకరత్నం గారు.

ఆ మాట సాయంత్రానికి ఊళ్ళోకి ఇలా చేరింది: దేవుడు లేడు, అమైనో ఆమ్లాలు ఉన్నాయి.

సోమవారం అర్జీల రోజున సంస్కార పరిరక్షణ సమితి అధ్యక్షుడు తులసీరావు గారు కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చారు. సృష్టికర్తను సిలబస్ నుంచి తొలగించిన లెక్చరర్ మీద చర్య తీసుకుని, ప్రాణం ఎలా పుట్టిందో అధికారికంగా ప్రకటించాలని కోరారు. ఆయనది ఇటుకల వ్యాపారం, మాట గట్టిది. ఆ కబురు తెలిసి విజ్ఞాన చైతన్య వేదిక కార్యదర్శి నిరంజన్ అదే లైన్లో వెనక నిలబడి ఇంకో అర్జీ ఇచ్చాడు. సృష్టికర్త సిలబస్‌లో లేడని చెప్పినందుకు ఆవిడకి సన్మానం చేసి, ప్రాణం ఎలా పుట్టిందో అధికారికంగా ప్రకటించాలని కోరాడు. రెండు అర్జీల్లో చివరి వాక్యం ఒక్కటే. అర్జీలు రాసిపెట్టే మనిషి ఇద్దరికీ ఒకడే మరి.

అర్జీ కంప్యూటర్లోకి ఎక్కిందంటే ముప్పై రోజుల్లో పరిష్కారం కావాలి. కాకపోతే తెర మీద ఆ శాఖ పేరు ఎర్రగా వెలుగుతుంది. ఎర్రగా వెలిగిన శాఖ వాళ్ళని పై అధికారుల మీటింగుకి పిలిచి నిలబెడతారు. ఇలా ప్రాణం పుట్టుక ఒక శాఖ నుంచి ఇంకో శాఖకి తిరిగింది. దేవాదాయ శాఖ తమకి గుళ్ళే తప్ప సృష్టి లేదంది. ఆరోగ్య శాఖ తాము పుట్టిన తర్వాతే చూస్తామంది. చివరికి విద్యాశాఖ నెత్తిన పడింది. పన్నెండు రోజులు అలా పోయాయి.

పదమూడో రోజున ప్రత్యేకాధికారి ధర్మలింగం గారు దిగారు. సన్నగా, ఇస్త్రీ చెదరకుండా ఉండే మనిషి. కరువైనా తుఫానైనా గడువులోపల ముగిస్తాడని ఆయనకు పేరు. మా ప్రిన్సిపాల్ జగ్గారావు గారు ఆయన్ని గేటు దాకా వెళ్ళి తీసుకొచ్చి, తన కుర్చీలో కూర్చోబెట్టి, తాను పక్కన నిలబడ్డారు.

కమిటీ పేరు జీవావిర్భావ నిర్ధారణ సంఘం. సభ్యులుగా గుడి నుంచి వరదాచార్యులు గారు, చర్చి నుంచి ఇమ్మానియేలు గారు, మసీదు నుంచి మొహిద్దీన్ సాహెబు గారు. మెరుపుల నిమిత్తం కరెంటాఫీసు ఇంజనీరు. ప్రాణం పుడితే నమోదు నిమిత్తం మునిసిపాలిటీ జననాల గుమాస్తా. అర్జీదారులిద్దరూ ప్రత్యేక ఆహ్వానితులు. నూకరత్నం గారు సాంకేతిక సహాయకురాలు. నేను రాత.

‘‘గౌరవ సభ్యులకు మనవి చేయడమేమనగా’’ అని ధర్మలింగం గారు మొదలుపెట్టారు. ‘‘ప్రాణం రసాయనాల వలన పుట్టినదా, దైవం వలన పుట్టినదా అన్న విషయం చాలా కాలంగా అపరిష్కృతంగా ఉన్నది. ఇందుకు గత అధికారుల అలసత్వమే కారణం. సదరు ప్రయోగాన్ని ఈ కాలేజీలోనే జరిపి, ప్రాణం వచ్చిన యెడల ఒక అర్జీని, రాని యెడల రెండవ అర్జీని ఆమోదించడమవుతుంది.’’

నూకరత్నం గారు లేచింది. ‘‘సార్, ఆ ప్రయోగంలో ప్రాణం రాదండి. ప్రాణానికి కావలసిన సరుకు కొంత వస్తుందంతే. ఇటుకలొస్తాయి, ఇల్లు రాదు.’’

‘‘మా శాఖలో ఇటుకలు దిగితే ఇల్లు పూర్తయినట్టే రాసుకుంటాం.’’

‘‘ఇటుకలు ఇల్లవడానికి ప్రకృతికి కోట్ల ఏళ్ళు పట్టింది సార్.’’

‘‘ప్రకృతికి పర్యవేక్షణ లేదు’’ అన్నారు ధర్మలింగం గారు. ‘‘మనకు ఉన్నది. పదిహేడు రోజులు ఇస్తున్నాను.’’

తులసీరావు గారు చప్పట్లు కొట్టారు. ప్రాణం రాదని లెక్చరరే ఒప్పుకుందని ఆయన సంతోషం. పదిహేడు రోజుల్లో వస్తుందని ప్రభుత్వమే నమ్ముతోందని నిరంజన్ కూడా కొట్టాడు.

వరదాచార్యులు గారు డెబ్బై దాటినవారు. చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ‘‘బాబూ, నాదొక మనవి. బుడ్డిలో ప్రాణం వస్తే మేమందరం గుళ్ళు మూసుకోవాలా? రాకపోతే ఈ అమ్మాయి పుస్తకాలు మూసుకోవాలా? ఎన్నాళ్ళ నుంచో ఎవరి పని వాళ్ళం చేసుకుంటున్నాం.’’

మొహిద్దీన్ సాహెబు గారు తల ఊపారు. ‘‘నిజం, ఆచార్యులు గారూ. నా నమాజు ఆ బుడ్డిని అడిగి చెయ్యట్లేదు.’’

‘‘మాకూ అంతే’’ అన్నారు ఇమ్మానియేలు గారు.

‘‘సభ్యులు ముగ్గురూ హర్షం వెలిబుచ్చారు’’ అని ధర్మలింగం గారు నాకు చెప్పారు. నేను రాశాను.

ఇంతలో జననాల గుమాస్తా తన ఫారం తెరిచాడు. పుట్టిన ఇరవై ఒక్క రోజుల్లో నమోదు చేయించకపోతే తర్వాత అఫిడవిట్టు కావాలన్నాడు. తల్లి పేరు, తండ్రి పేరు, మతం, మూడూ నింపాలన్నాడు. మతం గడిలో ఏం రాయాలన్న దాని మీద చర్చ మధ్యాహ్నం భోజనం దాకా జరిగింది. ‘నిర్ధారణ కావలసి ఉన్నది’ అని రాయడానికి అందరూ ఒప్పుకున్నారు. తండ్రి గడిలో శాఖ పేరు రాద్దామన్నారు ప్రిన్సిపాల్. తల్లి గడి దగ్గర ఎవరూ ఏమీ అనలేదు. గుమాస్తా నూకరత్నం గారి పూర్తి పేరు, ఇంటి పేరు నన్నడిగి రాసుకున్నాడు. దేనికోనని నేనడగలేదు.

నూకరత్నం గారికి పెళ్ళయి పదహారేళ్ళు. పిల్లలు లేరు. ఈ సంగతి మా అందరికీ తెలుసు.

ప్రయోగం మాత్రం ఆవిడ శ్రద్ధగా చేసింది. ‘‘ఎలాగూ చెయ్యమన్నారు కదండీ మాస్టారూ, పుస్తకంలో బొమ్మ గీయడమే గానీ ఎప్పుడు చేశాం?’’ అంది. విశాఖపట్నం యూనివర్సిటీలో తనకి చదువు చెప్పిన వాళ్ళని బతిమాలి గాజు సామాను, గ్యాసులు తెప్పించింది. ల్యాబు అటెండరు అప్పలకొండ పక్కనుండి గొట్టాలన్నీ కడిగి బిగించాడు. అతనికి ముప్పై మూడేళ్ళ సర్వీసు, ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాడు. మెరుపు ఆగకూడదని కరెంటు ఇంజనీరు మా లైనుకి కోతల్లేకుండా చేశాడు. మిగతా ఊరికి ఆ కోత కూడా కలిపి కోశాడు.

రెండో రోజుకి బుడ్డిలో నీళ్ళు లేత గులాబీ రంగుకి తిరిగాయి. వారానికి ఎర్రగా, గోధుమ రంగుగా చిక్కబడ్డాయి. ఎనిమిదో రోజు సాయంత్రం నన్ను ల్యాబుకి రమ్మని కబురు పంపింది. వెళ్ళేసరికి వరదాచార్యులు గారు కూడా అక్కడ స్టూలు మీద కూర్చుని ఉన్నారు. గుడి దారిలో వస్తూ, ఆ మెరుపు ఒకసారి చూద్దామని ఆగారట.

బుడ్డి కుళాయిలోంచి తీసిన ఒక్క చుక్కని ఆవిడ పొద్దున్నే కాగితం మీద పాకించి ఆరబెట్టింది. ఇప్పుడు దాని మీద ఏదో మందు చల్లి, వేడి చూపించింది. ముందేమీ లేదు. తర్వాత తెల్లటి కాగితం మీద, నేరేడుపండు మరకలా, ఊదారంగు చుక్క మెల్లగా తేలింది. దాని పైన ఇంకొకటి, చిన్నది.

ఆవిడ కళ్ళు నిండాయి. ‘‘గ్లైసిన్ అండీ, అమైనో ఆమ్లం. ఇది నీళ్ళలో లేదు, గాలిలో లేదు. వారం కిందట ఎక్కడా లేదు’’ అంది.

వరదాచార్యులు గారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. ‘‘ఆయన చేసే పని ఇలా ఉంటుందేమో తల్లీ, నాకు తెలీదు. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూళ్ళేదు’’ అన్నారు.

‘‘నాకూ తెలీదండి’’ అంది నూకరత్నం గారు.

ఆ కమిటీ మొత్తం మీద నేను చూసిన ఒకే ఒక్క నిజమైన సమావేశం అది. దానికి మినిట్స్ లేవు.

మర్నాడు ఆవిడ ఆ కాగితం ధర్మలింగం గారికి చూపించింది. ఆయన నివేదిక ఫారం తిరగేశారు. ‘‘ఇందులో రెండే గడులు ఉన్నాయి. ప్రాణం ఉన్నది, ప్రాణం లేదు. ఊదారంగు మచ్చకు గడి లేదు. దీన్ని చేర్చడం వీలుపడదు.’’

కాగితాన్ని ఆవిడకే తిరిగి ఇచ్చేసి, సభ్యులు స్వయంగా పరిశీలించడానికి వీలుగా ఆ ద్రవాన్ని వెడల్పాటి గాజు పళ్ళెంలోకి మార్చాలన్నారు.

‘‘మూత తీస్తే గాలిలో ఉన్న సూక్ష్మజీవులన్నీ పడిపోతాయి సార్. ఇక ఏం తేలదు.’’

‘‘ప్రభుత్వం వద్ద మూసిపెట్టినదేదీ లేదని ప్రజలకు తెలియాలి. పారదర్శకత పాటించండి.’’

ఆవిడ కిటికీలన్నీ తెరిచి జాగ్రత్తగా గ్యాసులు వదిలేసి, ద్రవాన్ని పళ్ళెంలోకి వంచింది. దాన్ని సమావేశ మందిరంలో బల్ల మధ్యన, ఫలహారాల పక్కన పెట్టారు. అందరూ వంగి చూశారు. ప్రిన్సిపాల్‌గారికి అప్పుడు జలుబు. ఆయన రెండుసార్లు తుమ్మారు. తులసీరావు గారు తెచ్చిన ప్రసాదం లడ్డు ప్రిన్సిపాల్ చేతిలోంచి జారి, సగం నేల మీదా సగం పళ్ళెం అంచుమీదా పడింది. అంచుమీద పడ్డ ముక్కని ఎవరూ తీయలేదు. ప్రసాదం కదా, తీస్తే ఒక వర్గానికి, తీయకపోతే ఇంకో వర్గానికి కష్టంగా ఉంటుందని ధర్మలింగం గారు యథాతథ స్థితి కొనసాగించమన్నారు.

ఇరవై ఎనిమిదో రోజున చివరి సమావేశం. తలుపు తీసేసరికే గదంతా పులిసిన వాసన. లడ్డు ముక్క మీద దూదిలా తెల్లగా, మధ్యమధ్య పచ్చగా, రెండంగుళాల మేర మొలిచి ఉంది.

‘‘ప్రాణం’’ అన్నాడు నిరంజన్. రసాయనాల్లోంచి వచ్చిందన్నాడు.

‘‘ప్రసాదంలోంచి వచ్చింది’’ అన్నారు తులసీరావు గారు. ఆయన చెప్పులు విడిచేశారు.

నూకరత్నం గారు దగ్గరికెళ్ళి చూసి, ‘‘బూజండీ’’ అంది.

ధర్మలింగం గారు చెయ్యెత్తారు. ‘‘సాంకేతిక సహాయకురాలు ఒక్క ముక్కలో సమాధానం చెప్పవలెను. ఈ పళ్ళెంలో ఉన్నదానికి ప్రాణం ఉందా, లేదా?’’

‘‘ఉంది, కానీ అది ఈ ప్రయోగంలో పుట్టింది కాదు సార్, గాలిలోంచి పడి లడ్డు తిని పెరిగిన...’’

‘‘రాసుకోండి కామేశం గారూ. ఉంది.’’

నేను ‘ఉంది’ అని రాశాను. ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉంది. కలం ఎత్తి ఒక్క క్షణం ఆగాను. కామా పెడితే మిగతాది రాయాలి. నేను చుక్క పెట్టాను.

నివేదిక అరగంటలో తయారైంది. రసాయన, దైవ సంయుక్త చర్య వలన ప్రాణం పుట్టినదని నిర్ధారించడమైనది. రెండు అర్జీలూ పరిష్కారం. సమితి వాళ్ళు ఊళ్ళో పళ్ళెం ఫొటోని ఊరేగించారు. వేదిక వాళ్ళు అదే ఫొటోతో కరపత్రాలు వేశారు. ఫొటో తీసినవాడు ఇద్దరికీ ఒకడే.

నూకరత్నం గారు సంతకం పెట్టలేదు. వరదాచార్యులు గారు కూడా పెట్టలేదు. ‘‘బూజు మీద సంతకం పెట్టి రేపు ఏ మొహంతో హారతివ్వను?’’ అని లేచిపోయారు. మిగతా ఇద్దరు పెద్దలూ ఆయన్ని చెరోవైపూ పట్టుకుని మెట్లు దింపారు. ‘మత పెద్దలు ముగ్గురూ భక్తిపారవశ్యంతో ముందుగానే నిష్క్రమించారు’ అని నాచేత రాయించారు.

మర్నాడు నూకరత్నం గారికి మెమో వచ్చింది. ప్రభుత్వం ధ్రువీకరించిన ప్రాణిని బూజు అని అవమానించినందుకు సంజాయిషీ ఇవ్వాలి. రసాయనాల్లోంచి ప్రాణం వస్తుందని చెప్పినందుకు అంతకు ముందు ఇచ్చిన మెమో ఇంకా నడుస్తూనే ఉంది. రాలేదని చెప్పినందుకు ఇది. రెండింటికీ ఒకే కాగితం మీద జవాబివ్వవచ్చా అని ఆవిడ అడిగితే, వేర్వేరుగా ఇవ్వాలన్నారు ప్రిన్సిపాల్.

ఆ తర్వాత గురువారం నాడు అప్పలకొండ పళ్ళెం కడిగేశాడు.

గురువారం గురువారం గాజు సామాను కడగడం అతనికి ముప్పై మూడేళ్ళ అలవాటు. సమావేశ మందిరంలో కంపు కొడుతున్న పళ్ళెం కనిపించింది. తీసుకెళ్ళి బ్లీచింగు వేసి తోమి బోర్లించాడు. శుక్రవారం జనన ధ్రువపత్రం పట్టుకుని మునిసిపల్ గుమాస్తా వచ్చాడు. ఇవ్వడానికి ప్రాణి లేదు.

ధ్రువపత్రం ఉంది, ప్రాణి లేదు. అంటే మరణం. మరణమంటే కారణం ఉండాలి. అప్పలకొండని ఆ సాయంత్రమే సస్పెండు చేసి, ధర్మలింగం గారిని విచారణాధికారిగా వేశారు. ప్రభుత్వ సంరక్షణలో ఉన్న ప్రాణి మరణానికి కారకుడగుట అన్నది అభియోగం. రుజువైతే పింఛను ఉండదు.

విచారణ రోజు పొద్దున అతను స్టాఫు రూము గుమ్మంలో నిలబడ్డాడు. నాలుగు రోజుల గడ్డం. నూకరత్నం గారు పరీక్ష పేపర్లు దిద్దుతోంది.

‘‘ఏటి అప్పలకొండా, లోపలికి రా’’ అంది.

రాలేదు. గుమ్మంలోనే కూలబడ్డాడు. ‘‘అమ్మగోరూ, నాను సదువుకోనోణ్ణి. గిన్ని కంపు కొడతందని కడిగీసినాను. ఆ కాయితంలో తల్లి పేరని మీ పేరే ఏసినారంట. మునిసిపాలిటీ బాబు సూపించినాడు.’’ ముందుకి వంగి ఆవిడ కాళ్ళ దగ్గర నేల తాకాడు. ‘‘మీకు లేకలేక... నా సేతుల్తో నానే సంపీసినానమ్మా.’’

నూకరత్నం గారు ఎర్ర కలం పక్కన పెట్టింది. ‘‘అది బూజు, అప్పలకొండా. లడ్డు మీది బూజు. నువ్వు గిన్నె కడిగావు. అంతే’’ అంది. అతను నమ్మలేదు. కాగితం మీద ముద్ర చూశాడు కదా.

ఆవిడ నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేది. పేపర్లు కట్టకట్టి లోపల పెట్టి, మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. కుళాయిలో నీళ్ళు రావని గుర్తొచ్చి తిరిగొచ్చింది.

విచారణలో ధర్మలింగం గారు నా మినిట్స్ పైకి చదివారు. ‘‘ప్రాణం ఉందా అన్న ప్రశ్నకు సాంకేతిక సహాయకురాలు ఉంది అని జవాబిచ్చారు. ఇక వివాదమేమున్నది?’’

‘‘నేను అక్కడితో ఆగలేదు సార్’’ అంది నూకరత్నం గారు.

‘‘రికార్డు ఆగింది’’ అన్నారాయన.

నేను లేచి నిలబడ్డాను. ఇరవై రెండేళ్ళుగా ఆ గదిలో నా గొంతు ఎలా ఉంటుందో నాకే తెలీదు.

‘‘సార్, ఆ చుక్క నాది’’ అన్నాను. ‘‘ఆవిడ ఉంది అన్న తర్వాత కానీ అన్నారు. గాలిలోంచి పడ్డ బూజన్నారు. నేను విన్నాను. విని కూడా చుక్క పెట్టాను. మిగతా వాక్యం ఇప్పుడు రాసిస్తాను.’’

ధర్మలింగం గారు నన్ను పైనుంచి కిందికి చూశారు. ‘‘కామేశం గారూ, మీరు మాట్లాడగలరని నా దృష్టికి ఎవరూ తీసుకురాలేదు.’’

‘‘అది బూజైతే ఇతను చేసింది నేరం కాదు సార్’’ అంది నూకరత్నం గారు.

‘‘అది బూజైతే అర్జీలు తిరిగి తెరవాలి. పరిష్కారమైన అర్జీని తెరవడానికి కంప్యూటర్లో మీట లేదు.’’

ఆయన చాలాసేపు ఆలోచించారు. ఆయన అంత కష్టపడటం నేను చూడటం అదే మొదటిసారి. తర్వాత తేలిగ్గా ఊపిరి వదిలి చెప్పారు. ‘‘అర్జీల ఫైలులో అది ప్రాణి. విచారణ ఫైలులో అది బూజు. ఒకే వస్తువు రెండు ఫైళ్ళలో రెండు విధాలుగా ఉండరాదని నిబంధన ఏదీ లేదు. అటెండరును విధుల్లోకి తీసుకోవడమైనది. రికార్డు రచయిత విరామ చిహ్నాల విషయంలో అజాగ్రత్త వహించినందున ఒక ఇంక్రిమెంటు నిలుపుదల చేయడమైనది.’’

అప్పలకొండకి ఏం జరిగిందో సగమే అర్థమైంది. బయటికొచ్చాక నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నేను విడిపించుకున్నాను. ఆ చేతుల్లో ఒకటి పెట్టిన చుక్క వల్లే కదా అతను పింఛను పోగొట్టుకునే దాకా వెళ్ళింది.

జూన్‌లో కొత్త సిలబస్ వచ్చింది. ప్రాణం పుట్టుక పాఠం అందులో లేదు. విషయం ప్రభుత్వపరంగా తేలిపోయినందున ఇకపై బోధించవలసిన అవసరం లేదని కింద గమనిక ఉంది. ఎవరైనా బోధిస్తే, తేలిన విషయాన్ని తిరగదోడినట్టు పరిగణిస్తారట.

కొత్త బ్యాచ్‌లో పైడితల్లి అని ఒకమ్మాయి ఉంది. పలాస వైపు జీడిపప్పు ఒలిచే వాళ్ళ పిల్ల. పాఠం ఎందుకు తీసేశారని ఎవరిని అడిగినా మునిసిపాలిటీలో ఉంది చూసుకో అన్నారు. ఆ పిల్ల నిజంగానే వెళ్ళింది. అర్జీ పెట్టి, ధ్రువపత్రం నకలు తెచ్చుకుంది. ఓ మధ్యాహ్నం నేను వరండాలో వెళుతుంటే కెమిస్ట్రీ క్లాసులో ఆ పిల్ల లేచి నిలబడి ఉంది. చేతిలో ఆ కాగితం.

‘‘మేడం, ఇందులో తల్లి పేరని మీ పేరు ఉందండి. తండ్రి పేరు శాఖట. ప్రాణం ఇలగే పుట్టిందాండి?’’

నూకరత్నం గారు ఆ కాగితం తీసుకుని ఆసాంతం చదివింది. అంతకు ముందు చూడలేదేమో. మడిచి బల్ల మీద పెట్టింది. గుమ్మం దాకా వచ్చి, అటూ ఇటూ చూసి, నన్ను చూసి కూడా చూడనట్టే తలుపు దగ్గరకి వేసింది.

కాసేపటికి లోపల్నుంచి ఆవిడ గొంతు మొదలైంది. అప్పటికి చేప లేదు, చెట్టు లేదు, చూసే కన్ను లేదు. సముద్రం ఒక్కటే మరుగుతోంది. మీద మబ్బులు విరుచుకుపడుతున్నాయి. ఒక్క మెరుపు కాదు, వెయ్యేళ్ళ మెరుపు...

నాకు ఆ గంట ఖాళీ. వెళ్ళిపోవచ్చు. గోడకి చేరగిలబడి నిలబడ్డాను. అటు చివరనుంచి ప్రిన్సిపాల్ జగ్గారావు గారు రిజిస్టరు పట్టుకుని వస్తున్నారు. తలుపు ముందు ఆగి చెవి ఒగ్గారు.

‘‘ఎవరిదయ్యా ఈ క్లాసు?’’

‘‘నాదే సార్’’ అన్నాను. ‘‘గొంతు బాగాలేక ఆవిడ చేత చదివిస్తున్నాను.’’

‘‘ఏం పాఠం?’’

లోపల మెరుపులు ఇంకా పడుతున్నాయి. ‘‘సముద్ర వర్ణన సార్.’’

ఆయన ఇంకాసేపు విన్నారు. విన్నకొద్దీ ఆయన మొహం కొద్దిగా మెత్తబడింది. రిజిస్టరులో తెలుగు అని రాసుకుని, ‘‘ఎంత బాగుందయ్యా. ఈ కాలంలో ఇలాంటివి ఎవరు రాస్తున్నారు’’ అంటూ ముందుకి వెళ్ళిపోయారు.